ఇంట్లో చేసిన గురక పరీక్ష ‘నార్మల్’ అంది. నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి. మా ఆయనకు 47 ఏళ్లు. సొంత కారు కిరాయికి తిప్పుతారు, ఎక్కువగా హైదరాబాద్ ట్రిప్పులు. పెళ్లయిన కొత్తలోనే గురక ఉండేది కానీ, ఈ మూడు నాలుగేళ్లలో పక్క గదిలో వాళ్లకు కూడా నిద్ర పట్టనంతగా పెరిగింది. గురక పెట్టీ పెట్టీ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి తీస్తున్నారో లేదో తెలియక భయపడి భుజం పట్టి కుదుపుతాను. గట్టిగా ఊపిరి లాగి మళ్లీ మొదలుపెడతారు. బరువు 92 కేజీలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, చొక్కా కాలర్ 17. బీపీకి రెండు రకాల బిళ్లలు వేసుకుంటున్నా పైది 150 కిందికి దిగడం లేదు. అన్నం తింటూ తింటూ తూగుతారు. పోయిన నెల సూర్యాపేట దాటాక కన్ను మూతపడి కారు డివైడర్ దాకా వెళ్లిందట, వెనక కూర్చున్నవాళ్లు అరిస్తే తేరుకున్నారు.

బీపీ చూసే డాక్టరు గారు స్లీప్ స్టడీ చేయించమన్నారు. ఆసుపత్రిలో పడుకోనంటే పడుకోనని ఈయన మొండికేశారు. అందుకని ఇంటికి వచ్చి చేసేవాళ్లను పిలిపించాం. రాత్రి పదింటికి మిషను కట్టి వెళ్లారు, పొద్దున ఆరింటికి తీసుకెళ్లారు. ఆ వైర్లతో ఆయనకు పదకొండున్నర దాకా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నేను లేచి చూసేసరికి ముక్కుకు పెట్టిన గొట్టం దిండు మీద ఉంది. రిపోర్టులో ఏహెచ్ఐ (గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, తగ్గింది అన్న లెక్క) 4.5, ‘నార్మల్’ అని వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. మా తమ్ముడి స్మార్ట్ వాచీ పెట్టి చూసినా ఏమీ చూపించలేదు. మిషను తెచ్చిన అబ్బాయి మాత్రం, ఎందుకైనా మంచిది, వాడిన సీప్యాప్ మెషీన్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కుతో గాలి పంపేది) ఒకటి చవగ్గా ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? రిపోర్టు ఫొటోలు పంపుతున్నాను. ఇంకో సంగతి, మా ఏడేళ్ల బాబు కూడా గురక పెడతాడు. ఇదే మిషను వాడికీ కట్టించొచ్చా?

సమాధానం: అమ్మా, ఆ ‘నార్మల్’ను నమ్మకండి. పరీక్ష ఇంట్లో చేశారు కాబట్టి నమ్మొద్దని కాదు. ఆ రాత్రి పరీక్ష సగమే జరిగింది, ఆ సగాన్ని మొత్తంగా లెక్కేశారు.

అంతకంటే ముందు మాట ఒకటుంది. కింద రాసేదంతా చదివే ఓపిక లేకపోయినా దీన్ని మాత్రం ఆయనకు వినిపించండి. స్టీరింగ్ మీద ఒకసారి కన్ను మూతపడిన మనిషి కారణం తేలి, వైద్యం మొదలై, పగటి మత్తు పోయేదాకా బండి నడపకూడదు. డాక్టరుగా నేను చెప్పగలిగింది ఇదే, ఇందులో బేరం లేదు. కిరాయి బండి మీద బతికే ఇంట్లో ఈ మాట ఎంత బరువో నాకు తెలియక కాదు. కొన్నాళ్లు వేరే డ్రైవర్‌ను పెట్టి కారు తిప్పించే దారి ఉంటే చూడండి. టీ తాగడం, అద్దం దించడం, పాటలు పెట్టుకోవడం నిద్రను ఆపలేవు. మత్తు వస్తోందనిపిస్తే చేయగలిగింది ఒక్కటే, బండి పక్కకు తీసి ఆపేయడం.

ఇక రిపోర్టు సంగతి. ఈ పరీక్ష వెతికేది స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బును. అందరూ మొదటి పేజీలో పెద్ద అక్షరాల అంకె చూసి మూసేస్తారు. మీరు రెండో పేజీ కూడా ఫొటో తీసి పంపారు, మంచి పని చేశారు. అసలు కథ అక్కడే ఉంది. మొత్తం రికార్డింగ్ 8 గంటలు. ఊపిరి పూర్తిగా ఆగినవి, బాగా తగ్గినవి కలిపి 36 సార్లు. 36ను 8తో భాగిస్తే గంటకు 4.5. గంటకు 5 లోపు ఉంటే పెద్దవాళ్లకు మామూలే అంటారు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 4.5 కాబట్టి కంప్యూటర్ నార్మల్ అని అచ్చేసింది.

కానీ అదే పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంది చూడండి. ముక్కు దగ్గర గాలి సరిగా నమోదైన సమయం 3 గంటల 40 నిమిషాలు. అంటే రాత్రి 1.40 ప్రాంతంలోనే గొట్టం ఊడిపోయింది. ఆ తర్వాత ఆయన ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టే సాధనం ముక్కు దగ్గర లేదు. ఆ 36 మొదటి 3 గంటల 40 నిమిషాల్లో దొరికినవే. వాన పడి ఆట ఆగిపోయిన గంటలను కూడా ఆడినట్టే కలుపుకుని రన్‌రేట్ కడితే ఎలా ఉంటుందో ఈ 4.5 అలా ఉంది. గాలి నమోదైన సమయంతోనే భాగిస్తే గంటకు 9.8 వస్తుంది.

అక్కడితో అయిపోలేదు. పదకొండున్నర దాకా నిద్ర పట్టలేదని మీరే రాశారు. మెలకువగా ఉన్న గంటన్నరలో స్లీప్ ఆప్నియా ఉండదు. అది తీసేస్తే, గొట్టం ముక్కులో ఉండగా ఆయన నిజంగా నిద్రపోయింది సుమారు 2 గంటల 10 నిమిషాలు. అప్పుడు లెక్క గంటకు 16 దాటుతుంది. ఒకే రాత్రి, అవే 36 సార్లు. దేనితో భాగించామన్నదాన్ని బట్టి నార్మల్, స్వల్పం, మధ్యస్థం అని మూడు పేర్లూ వచ్చాయి. ఈ 16 రోగ నిర్ధారణ అనుకోవద్దు. మీరు చెప్పిన నిద్ర సమయం మీద నేను వేసిన కూడికలు తీసివేతలు మాత్రమే. కానీ 4.5ను పట్టుకుని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదని చెప్పడానికి ఇది చాలు.

ఈ తేడా ఇంటి పరీక్షల స్వభావంలోనే ఉంది. ఆసుపత్రి ల్యాబ్‌లో తల మీద వైర్లు అంటించి మెదడు తరంగాలు, కనుగుడ్ల కదలికలు, గడ్డం దగ్గర కండరాల బిగువు చూస్తారు కాబట్టి మనిషి ఏ నిమిషంలో నిద్రపోయాడో తెలుస్తుంది. ఇంట్లో కట్టే మామూలు మిషనులో ముక్కు గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉంటాయి, ఏ పక్కకు పడుకున్నారో కూడా తెలుస్తుంది. మెదడు సంగతి దానికి తెలియదు. అందుకే నిద్రపోయిన గంటలతో కాక రికార్డింగ్ జరిగిన గంటలతో భాగిస్తారు. నిజానికి ఇంటి పరీక్షలో వచ్చే అంకెను ఏహెచ్ఐ అనకూడదు, ఆర్ఈఐ అనాలి. చాలా రిపోర్టుల్లో అలవాటు కొద్దీ ఏహెచ్ఐ అనే వేస్తున్నారు.

ఇంకో చోట కూడా లెక్క తగ్గుతుంది. పది సెకన్లు, అంతకంటే ఎక్కువ గాలి ఆగితే ఆప్నియా. గాలి కనీసం 30 శాతం తగ్గి, దాంతో పాటు ఆక్సిజన్ 3 శాతం పడిపోయినా, లేదా మెదడు ఉలిక్కిపడి నిద్ర తేలిపోయినా హైపాప్నియా. కొన్నిచోట్ల ఆక్సిజన్ 4 శాతం పడితేనే లెక్కేస్తారు. మెదడు ఉలిక్కిపాటు ఇంటి మిషనుకు కనపడదు. ఆక్సిజన్ పెద్దగా పడకుండా నిద్ర మాత్రం చెడేవి ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు.

మీవారి విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గొట్టం ఊడిన వేళ. నిద్రలో కలలు వచ్చే దశ, అంటే రెమ్ నిద్ర, రాత్రి రెండో సగంలోనే ఎక్కువ. ఆ దశలో ఒంటి కండరాలు చాలావరకు వదులైపోతాయి, గొంతు వెనక కండరాలు కూడా. స్లీప్ ఆప్నియా చాలామందిలో అప్పుడే ముదురుతుంది, ఆక్సిజన్ ఎక్కువగా పడేదీ అప్పుడే. ఆయన రాత్రిలో ఆ భాగమే ముక్కు గొట్టానికి అందలేదు.

అయితే వేలి క్లిప్పు మాత్రం చివరిదాకా ఉంది, అదే ఈ రిపోర్టులో సాక్షి. ఓడీఐ అని ఒక అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు ఆక్సిజన్ పడిపోయి మళ్లీ లేచిందన్న లెక్క. మీ రిపోర్టులో అది 14. రాత్రి మొత్తం మీద 112 సార్లు. అత్యల్పం 81 శాతం. ఊపిరి ఆగింది 36 సార్లే అయితే ఆక్సిజన్ 112 సార్లు ఎందుకు పడింది? ఈ రెండు అంకెలు ఒకదానికొకటి పొసగనప్పుడు గాలి సిగ్నల్ పోయిందేమోనని అనుమానించాలి. మనుషులు ఎవరైనా గ్రాఫు చూసి ఉంటే పట్టుకునేవారు. ఈ రిపోర్టు కింద డాక్టరు సంతకం లేదు. కంప్యూటర్ లెక్కేసిందే అచ్చయి వచ్చింది. ఆ 81 ఒక్కటే అయితే వేలు కదిలి క్లిప్పు జారినప్పుడు కూడా రావచ్చు, దాన్ని పట్టుకుని కంగారుపడక్కర్లేదు. కానీ మీరు పంపిన గ్రాఫులో రాత్రి రెండు గంటల తర్వాత గీత పదేపదే కిందికి దిగి పైకి లేస్తోంది. అది జారిన క్లిప్పు పని కాదు. పైగా ముదురు రంగు చర్మం మీద ఈ క్లిప్పులు ఆక్సిజన్‌ను ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయని 2020లో అమెరికాలో బయటపెట్టారు. మన ఒంటి రంగులకు అది గుర్తుంచుకోవాల్సిన సంగతే.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. గాలి, ఆక్సిజన్ రెండూ కనీసం 4 గంటలు సరిగా నమోదై ఉండాలి. మీవారిది 3 గంటల 40 నిమిషాలు. ఆ లెక్కన ఇది ‘నార్మల్’ రిపోర్టు కాదు, పనికిరాని రిపోర్టు. మిషను కట్టినవాళ్లు ‘పరీక్ష సరిగా జరగలేదు’ అని రాయాల్సిన చోట ‘నార్మల్’ అని రాశారు.

ఇంతా రాశానని ఇంటి పరీక్షల మీద నాకు చిన్నచూపు ఉందనుకోకండి. మీవారి లాంటి మనిషికి మొదటి పరీక్షగా ఇంటిదే సరిపోతుంది, మీరు చేయించింది పొరపాటేమీ కాదు. అది ‘ఉంది’ అన్నప్పుడు నమ్మి వైద్యం మొదలుపెట్టేయొచ్చు. గంటకు 35 అని వచ్చి ఉంటే నేనే ‘ఇక ల్యాబ్ ఎందుకు’ అనేవాణ్ని. లక్షణాలు ఇంత గట్టిగా ఉన్న మనిషికి అది ‘లేదు’ అన్నప్పుడే అక్కడితో ఆగకూడదు. సిగ్నల్ అంతా శుభ్రంగా ఉండి ‘లేదు’ అని వచ్చినా సరే, అప్పుడు ల్యాబ్‌కి వెళ్లాల్సిందే.

లక్షణాలు గట్టిగా ఉన్నాయని ఎలా అంటున్నానంటే, స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లను పసిగట్టడానికి టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ అనే ఎనస్తీషియా డాక్టరు బృందం 2008లో తయారుచేసింది. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. మీ ఉత్తరం చదువుతూ మార్కులు వేశాను. వయసు, బీఎంఐ తప్ప మిగతా ఆరూ ఉన్నాయి. 17 కాలర్ అంటే 43 సెంటీమీటర్లు. 5 వస్తేనే ప్రమాదం ఎక్కువ అంటారు, ఈయనకు 6. ఆయన బీఎంఐ 32 దగ్గర ఉంది. 35 గీత పాశ్చాత్యుల ఒళ్లకు పెట్టింది, మనవాళ్లకు అంతకంటే తక్కువ బరువుకే ఇబ్బందులు మొదలవుతాయి.

ఇప్పుడేం చేయాలి? నా మొదటి సలహా ల్యాబ్ పరీక్షే. పల్మనాలజిస్టుకు (ఊపిరితిత్తుల డాక్టరుకు) చూపించండి, ఆ రిపోర్టు మొదటి పేజీ మాత్రమే కాదు, మొత్తం పట్టుకెళ్లండి. వీలైతే మిషనులోని అసలు రికార్డింగ్‌ను డాక్టరుకు పంపమని ఇంటికొచ్చిన వాళ్లను అడగండి. డబ్బు కట్టింది మీరు, అడిగే హక్కు ఉంది. ల్యాబ్‌కి వెళితే ఇంకో లాభం ఉంది. మొదటి రెండు మూడు గంటల్లోనే జబ్బు స్పష్టంగా బయటపడితే అదే రాత్రి మిగిలిన సగంలో సీప్యాప్ మాస్కు పెట్టి ఎంత ప్రెషర్ కావాలో చూసేస్తారు. రెండు రాత్రుల పని ఒక రాత్రితో తీరుతుంది. ఖర్చు ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి చాలా మారుతుంది కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అడిగేటప్పుడు రిపోర్టును చదివి సంతకం చేసేది ఎవరో కూడా అడగండి. టెక్నీషియన్ రాత్రంతా ఉంటాడా అన్నదీ అడగండి. గొట్టం ఊడితే పెట్టడానికే కదా ఆయన ఉండేది.

ఎంత చెప్పినా ఆసుపత్రి గడప తొక్కనంటే, ఇంకోసారి ఇంట్లోనే చేయించండి. పుస్తకం ప్రకారం ఇది రెండో దారి. ఏమీ చేయించకుండా ఆ కాగితం చూసుకుంటూ కారు నడపడం కంటే వెయ్యి రెట్లు నయం. అయితే ఈసారి మీరు కాపలా ఉండాలి. ముక్కు గొట్టాన్ని రెండు చెంపల మీదా టేపుతో అంటించమనండి. మీసం మీద టేపు నిలవదు, నూనె రాసిన చెంప మీద అసలే నిలవదు, కాబట్టి సబ్బుతో కడిగి తుడిచాక అంటించాలి. క్లిప్పు పెట్టే వేలి గోరు కత్తిరించి ఉండాలి. ఆడవాళ్లకు చేసేటప్పుడైతే గోళ్ల రంగు తీసేయాలి, గోరింటాకు లేని వేలు ఎంచుకోవాలి. మిషను పదింటికి కట్టినా రికార్డింగ్ మాత్రం ఆయన రోజూ పడుకునే వేళకే మొదలయ్యేలా పెట్టమని అడగండి. చాలా మిషన్లలో ఆ వీలుంటుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే వాయిదా వేయండి. ఫోను పక్క గదిలో పెట్టించండి. దీపం ఆర్పింది ఎప్పుడు, గురక మొదలైంది ఎప్పుడు, లేచింది ఎప్పుడు, ఒక కాగితం మీద రాసి రిపోర్టుతో జతచేయండి. మీకు మెలకువ వచ్చినప్పుడల్లా గొట్టం ఉందో లేదో చూసి, ఊడితే పెట్టేయండి, ఆయన్ను లేపక్కర్లేదు. ఆ రాత్రి నిద్ర మాత్ర వేసుకోవాలా వద్దా, వేసుకునే మందుల్లో ఏదైనా ఆపాలా అన్నది డాక్టరునే అడగండి, మీ అంతట మీరు బీపీ బిళ్ల ఆపొద్దు.

ముక్కు గొట్టం లేకుండా మణికట్టు మీద పెట్టి, వేలి రక్తనాళాల బిగువు చూసి లెక్కకట్టే పరికరాలు కూడా ఉన్నాయి. గొట్టం నిలవనివాళ్లకు బాగుంటుంది, నిద్రపోయిన గంటలను కూడా కొంతవరకు అంచనా వేస్తుంది. కానీ బీపీకి ప్రజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ బిళ్ల వాడేవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గుండె లయ ఎప్పుడూ తప్పి ఉండేవాళ్లకు అది సరిపడదు. మీవారు వేసుకునే రెండు బిళ్లల పేర్లు చెప్పి కనుక్కోండి. ఇంట్లో గుండె ఫెయిల్యూర్, ముదిరిన సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), పక్షవాతం వచ్చినవాళ్లు ఉంటే వాళ్లకు మాత్రం ఏ ఇంటి పరీక్షా వద్దు, నేరుగా ల్యాబే.

మీ తమ్ముడి వాచీ గురించి. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024లో శాంసంగ్, ఆపిల్ వాచీలకు స్లీప్ ఆప్నియాను పసిగట్టే సదుపాయానికి అనుమతి ఇచ్చిన మాట నిజం. అవి అనుమానం చెప్పేవే కానీ నిర్ధారించేవి కావు. ఆపిల్ వాచీ అయితే ఒక రాత్రి చూసి చెప్పదు, ముప్పై రోజుల కాలంలో కనీసం పది రాత్రుల సమాచారం కావాలి. ఒక రాత్రి అరువు తెచ్చుకుని పెట్టుకున్న వాచీ ఏమీ చూపించలేదంటే దానికి అర్థమే లేదు. వాచీ కంటే మీ ఫోను ఎక్కువ ఉపయోగం. రాత్రి ఆయన వెల్లకిలా పడుకున్నప్పుడు ఛాతీ, మొహం కనిపించేలా రెండు మూడు నిమిషాల వీడియో తీయండి. గురక ఆగి, పొట్ట ఎగసిపడుతూ గాలి మాత్రం లోపలికి పోకపోవడం అందులో కనబడితే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది. ఆ వీడియో మీవారికి కూడా చూపించండి. తన గురక తనకు వినపడని మనిషికి నచ్చజెప్పడానికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇక జబ్బు లేదని కాగితం ఇచ్చినవాళ్లే జబ్బుకు వాడే మెషీన్ అమ్ముతామనడం. దీని మీద నేను చెప్పడానికేముంది? కొనొద్దు. పరీక్ష చేసేవాడు, మెషీన్ అమ్మేవాడు ఒకడే అయినప్పుడు ఎప్పుడూ రెండో అభిప్రాయం తీసుకోవాలి. వాడిన మెషీన్‌లో ఇంకో చిక్కుంది. ఫిలిప్స్ కంపెనీ సీప్యాప్, బైప్యాప్ మెషీన్లలో శబ్దం తగ్గించడానికి పెట్టిన నురుగు పదార్థం పొడిపొడిగా రాలి ఊపిరితో లోపలికి వెళ్లే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ప్రపంచమంతటా లక్షల మెషీన్లను వెనక్కి పిలిచారు. వాడినవి చవగ్గా దొరికే చోట అలాంటిది చేతికి రాదన్న హామీ ఎవరిస్తారు? నిర్ధారణ అయ్యాక కూడా కొనే ముందు ఒక నెల అద్దెకు తీసుకుని చూడండి. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల అద్దెకు ఇస్తారు. మాస్కు ముఖానికి సరిపోవడం మీదే అంతా ఉంది, మెషీన్ బ్రాండు మీద కాదు. నోట్లో పెట్టుకునే దవడ పరికరాలు స్వల్పంగా ఉన్నవాళ్లకు బాగానే పనిచేస్తాయి కానీ దంతవైద్యుడు కొలతలు తీసి చేసినవి వేరు, పెట్టెలో పెట్టి అమ్మేవి వేరు.

సీప్యాప్ పేరు చెబితే మనవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ అనుకుని బెదిరిపోతారు. అది ఆక్సిజన్ ఇవ్వదు, గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. సిడ్నీలో కొలిన్ సలివన్ 1981లో మొదట చేసి చూపించింది ఇదే, సూత్రం ఇప్పటికీ మారలేదు. పగటి మత్తు మీద దీని ప్రభావం కొందరిలో కొద్ది రోజుల్లోనే కనబడుతుంది. బీపీ కూడా కొంత దిగుతుంది, అయితే బిళ్లలు మానేయగలిగేంత అనుకోకండి. గుండెపోట్లను ఆపుతుందా అంటే ఇంకా రుజువు కాలేదు. ఇదివరకే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2016లో ఆ లాభం చూపించలేకపోయింది. అందులో వాళ్లు సగటున రాత్రికి మూడు గంటల చిల్లరే మాస్కు పెట్టుకున్నారన్నది ఇంకో సంగతి. మీవారి విషయంలో నేను సీప్యాప్‌ను సమర్థించేది గుండె పేరు చెప్పి కాదు, స్టీరింగ్ పేరు చెప్పి.

బరువు గురించి ఒక్క అంకె చెబుతాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏళ్ల తరబడి కొంతమందిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు 10 శాతం తగ్గినవాళ్లకు గంటకు ఊపిరి ఆగే లెక్క సుమారు 26 శాతం తగ్గింది, 10 శాతం పెరిగినవాళ్లకు 32 శాతం పెరిగింది. మీవారికి 10 శాతం అంటే తొమ్మిది కేజీలు. అది నెలల పని, అన్నాళ్లూ బండి నడపకుండా కూర్చోలేరు కదా. అందుకే బరువు తగ్గాక చూద్దాం అన్న మాట ఒప్పుకోకండి. పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానేయడం ఈ రోజు నుంచే చేయొచ్చు. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించండి, అది తక్కువగా ఉన్నా గురక, మత్తు పెరుగుతాయి.

మీవారు నిజంగా రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నారన్నది ఉత్తరంలో లేదు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి రాత్రి పదకొండింటికి వచ్చే మనిషికి ఆప్నియా లేకపోయినా మత్తే ఉంటుంది. ఎప్‌వర్త్ పట్టిక అని మెల్‌బోర్న్ డాక్టరు ముర్రే జాన్స్ 1991లో ఇచ్చినది ఒకటుంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలో కూర్చున్నప్పుడు, గంటసేపు బండిలో ప్రయాణికుడిగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, అన్నం తిన్నాక ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేయాలి. 10 దాటితే ఎక్కువ. ఆయన ఒకసారి వేసుకోవాలి, మీరు విడిగా ఒకసారి వేయండి. రెండూ డాక్టరుకు ఇవ్వండి. డ్రైవర్లు తమకు తాము తక్కువ వేసుకుంటారు, కారణం మీకూ తెలుసు. జబ్బు పేరు బయటపడితే కిరాయిలు పోతాయన్న భయం. ఆయన మొండితనం వెనక కూడా అదే ఉందేమో కనుక్కోండి. వైద్యం తీసుకుంటూ, మత్తు లేకుండా హాయిగా బండి నడుపుకుంటున్న డ్రైవర్లను నేను రోజూ చూస్తున్నాను.

చివరిగా బాబు. ఆ మిషను వాడికి కట్టించొద్దు. పిల్లల్లో స్లీప్ ఆప్నియా నిర్ధారణకు ఇంటి పరీక్షలను సిఫారసు చేయరు. లెక్కలు కూడా వేరు. పెద్దవాళ్లలో 5 దాకా మామూలే అంటాం, పిల్లల్లో గంటకు 1 దాటితేనే ఆలోచిస్తాం. ఏడేళ్ల వయసులో గురకకు ఎక్కువగా కారణం టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరగడం. జలుబు చేసినప్పుడు మాత్రమే గురక పెడితే గమనిస్తూ ఉండండి. వారంలో మూడు రాత్రులు దాటి గురక పెడుతున్నా, నోరు తెరుచుకుని పడుకుంటున్నా, మెడ వెనక్కి వాల్చి పడుకుంటున్నా, బడిలో కుదురు లేడని టీచర్ చెబుతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పిల్లలు పెద్దవాళ్లలా పగలు తూగరు, చిరాకుపడి గంతులేస్తారు, అందుకే అల్లరి అనుకుని వదిలేస్తుంటాం. వాడి నిద్ర కూడా ఫోనులో రెండు నిమిషాలు తీసి పట్టుకెళ్లండి.